వంటింటి గడప దాటిన ఐదో తరగతి

మా ఆవిడ చూడామణి టీచరు. ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఆవిడతో రెండు నిమిషాలు మాట్లాడితే చాలు, మూడో నిమిషంలో మీ ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం ఉంటుంది, మీరు ఈనెలు తీస్తూ ఉంటారు. చేత్తో చేయనిది బుర్రకెక్కదని ఆవిడ సిద్ధాంతం. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో నా బుర్రకు ఏదీ ఎక్కకపోవడానికి కారణం అదేనని కూడా ఆవిడే చెబుతుంది. నేను హార్బర్లో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర కాగితాల మీద ముద్రలు గుద్ది గుద్ది రిటైరైనవాణ్ణి. అది చేత్తో చేసే పని కాదా అని అడిగితే, అది స్టాంపు చేసే పని అంటుంది.

రాయపురంలో ఒక ఎయిడెడ్ బడిలో ఆవిడ ఐదో తరగతి చెబుతుంది. బడి పేరు చెప్పను. ఆవిడ రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది, పెన్షన్ కాగితాలు కదలాల్సి ఉంది.

ఆ బడిలో ఏటా జనవరిలో మత సామరస్య దినం జరుపుతారు. ఒక పిల్లవాడికి పంచె కట్టి నామం పెడతారు. ఇంకొకడికి టోపీ పెట్టి, దూదికి నల్లరంగు పూసిన గడ్డం అంటిస్తారు. ఒకమ్మాయికి తెల్లగౌను తొడిగి మెడలో థర్మోకోల్ శిలువ వేలాడదీస్తారు. ముగ్గురూ చేతులు పట్టుకుని నిలబడితే హెడ్మాస్టర్ జెబరాజ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. దాంతో ఆ సంవత్సరానికి కావలసిన సామరస్యం అయిపోతుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆ ముగ్గురూ ఎవరి గుంపులోకి వాళ్ళు పోయి, టిఫిన్ డబ్బాకు మూత అడ్డం పెట్టుకుని తింటారు.

ఈ ఏడాది దూది గడ్డం కిట్టుకు వచ్చింది. వాడు హార్డ్‌వేర్ అంగడి చిన్నబాబు కొడుకు. స్టేజీ దిగి క్లాసుకు రాగానే జహీరా అనే పిల్ల వాణ్ణి ఎగాదిగా చూసి, "టీచర్, మా తాత ఇట్ట ఉండడు" అంది. చూడామణి కిట్టును అడిగింది, జహీరా వాళ్ళ ఇళ్ళలో పండగకు ఏం చేస్తారో తెలుసునా అని. "బిరియాని తింటారు టీచర్" అన్నాడు. మరి కిట్టు వాళ్ళ ఇంట్లో ఏం చేస్తారని జహీరాను అడిగింది. కాసేపు ఆలోచించి, "లీవు ఇస్తారు" అందా పిల్ల. ఐదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుని, ఐదు సామరస్య దినాలు జరుపుకుని, దూది గడ్డాలు వంతులవారీగా అంటించుకుని, ఆ పిల్లలు సంపాదించిన జ్ఞానం అది.

మర్నాడే ఆవిడ జెబరాజ్ గదికి పోయి నీతిబోధన పీరియడ్ తనకు ఇచ్చెయ్యమంది. ఆ పీరియడ్‌లో అంతవరకు లెక్కలు చెబుతున్నారు. జెబరాజ్ మంచివాడే. కానీ ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అతను నేర్చుకున్న ఒకే నీతి, ఫైలు లేనిచోట గొడవ ఉండకూడదని. "తీసుకోండి మేడమ్. కానీ రిస్క్ వద్దు, ప్లీజ్" అన్నాడు. రిస్క్ అంటే ఏమిటో ఆవిడకు ఎవరూ చేత్తో చేసి చూపించలేదు గనుక అర్థం కాలేదు.

మొదట చర్చికి తీసుకుపోయింది. తల్లిదండ్రుల దగ్గర సంతకాలు తీసుకునే పోయిందనుకోండి. రోస్లిన్ అనే పిల్ల వాళ్ళ నాన్న అక్కడ పనిచేస్తాడు. లెంటు అనే నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే బుధవారం నుదుట పెట్టే బూడిద ఎక్కణ్ణుంచి వస్తుందో పిల్లలు చూశారు. పోయిన ఏడాది మట్టల ఆదివారం నాడు ఊరేగించిన తాటాకులు దేవుడి పటాల వెనక ఏడాదంతా ఎండి ఉంటాయి. వాటిని ఇళ్ళనుంచి తెప్పించి, మట్టిచట్టిలో కాల్చి, నలిపి, పలచని గుడ్డలో జల్లిస్తారు. జల్లించే పని ఐదో తరగతికి ఇచ్చారు. ఎవరి నుదుటా ఏమీ పెట్టలేదు, పెట్టేటప్పుడు అనే మాట మాత్రం చెప్పారు. కిట్టు మాత్రం జల్లిస్తూ జల్లిస్తూ దురదపెట్టి నుదురు గోక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే చిన్నబాబు బడికొచ్చాడు. చేతిలో అంగడి తాళాలు కూడా ఉన్నాయి, అంత ఆవేశం.

"ఏంది టీచరమ్మా, మా వాడికి బూడిద పూసి పంపినారంట?"

"పూయలేదు సార్. జల్లించినాడు, గోక్కున్నాడు."

"నేను అంగడి తెరవబోతా ఉంటే, మట్టిలోనించి వచ్చినావు మట్టికే పోతావు అంటా ఉండాడు. బోణీ వేళ మాట్లాడే మాటేనా అది?"

"మీ ఇంట్లో పొద్దున్నే నుదుట ఏం పెట్టుకుంటారు సార్?"

"విభూది."

"అది ఎట్ట చేస్తారో మీ వాడికి తెలుసునా?"

చిన్నబాబు ఒక నిమిషం తాళాలు తిప్పాడు. "అంగట్లో ప్యాకెట్టు దొరుకుతుంది కదా" అన్నాడు.

"మీ వాడూ అదే చెప్పినాడు. దానికే తీసకపోయినా" అంది మా ఆవిడ. జెబరాజ్ తలుపు చాటునుంచి ఇదంతా విని రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడట.

తర్వాత రంజాన్ నెలలో ఒక శనివారం సాయంత్రం జహీరా వాళ్ళ ఇంటికి నోన్బు కంజి కాచడానికి పోయారు. రోజంతా ఉపవాసముండి సూర్యాస్తమయం అయ్యాక తాగే గంజి అది. జహీరా వాళ్ళ అవ్వ, వాళ్ళ మాటలో నన్నీమ్మ, పద్నాలుగు మంది పిల్లల్నీ నేరుగా వంటింట్లోకి పంపించింది. ఒకడు బియ్యం కడిగాడు, ఒకడు వెల్లుల్లి ఒలిచాడు, ఇద్దరు కొబ్బరిపాలు పిండారు, మిగిలినవాళ్ళు గరిటె కోసం కొట్టుకున్నారు. అయిదింటికల్లా గంజి అయిపోయింది. ఇల్లంతా మెంతుల వాసన, అల్లం వాసన. కానీ మసీదులో పిలుపు వినపడేదాకా ఎవరూ ముట్టకూడదు. ఆ గంటా పది నిమిషాల్లో కిట్టు తొమ్మిదిసార్లు టైమడిగాడట. పుస్తకంలో ఉపవాసం గురించి నాలుగు లైన్లుంటాయి, వాటిని నిమిషంలో చదివెయ్యొచ్చు. ఆ గంటా పది నిమిషాలు మాత్రం పిల్లలు తమంతట తామే గడపాల్సి వచ్చింది.

మేము మాంసం తినం. గంజిలో కైమా వేస్తారని చూడామణికి తెలుసు. తాను చూస్తూ కూర్చుంటే సరిపోతుందనుకుని పోయింది. తీరా వడ్డించే వేళకు నన్నీమ్మ పొయ్యి పక్కనుంచి ఒక చిన్న మట్టికుండ తీసింది. "టీచరమ్మా, ఇది మీకు. కైమా పడలేదు. కుండ కూడా కొత్తదే, గరిటె కూడా కొత్తదే" అంది.

మా ఆవిడ రెండు కప్పులు తాగింది. లేవబోతుంటే జహీరా అడిగింది: "టీచర్, మీ పండగ ఎప్పుడు? మీ వంటింట్లో మాకు ఏం పని ఇస్తారు?"

"ఉగాదికి రాండి. పచ్చడి మీరే చేద్దురు" అనేసింది ఆవిడ. అన్న తర్వాత, చెప్పులు వేసుకునేటప్పుడు, తన వంటిల్లు గుర్తొచ్చిందట.

ఆ వంటింటి సంగతి చెప్పాలి. మా ఇల్లు వీధినుంచి వెనక్కు పోతూనే ఉంటుంది. ముందు వరండా, తర్వాత హాలు, తర్వాత కుళాయి ఉన్న నడవ, చివర వంటిల్లు. నడవ దాకా ప్రభుత్వం వారి భూభాగం. వంటింటి గడప దాటితే మా అమ్మ జానకీదేవిది. ఎనభై మూడేళ్ళు. తెల్లవారుజామున లేచి తలమీద నీళ్ళు పోసుకుని, ఎవరూ తగలకుండా దండెం మీద ఆరేసిన చీరను కర్రతో తీసి కట్టుకుని లోపలికి పోతుంది. చూడామణి బడినుంచి వస్తే స్నానం చేసి గాని లోపలికి రాకూడదు. నేను ప్యాంటు వేసుకుంటే గడప మీద కాలు పెట్టకూడదు. ఇరవై ఏళ్ళుగా వ్యాసర్పాడి నుంచి వచ్చి మా గిన్నెలు తోమే రంజని, తోమినవి నడవలోనే బోర్లించి పోతుంది. అమ్మ వాటిమీద నీళ్ళు చల్లి లోపలికి తీసుకుంటుంది. రంజనిని గడప దాటొద్దని మేము ఏనాడూ చెప్పలేదు. అలాంటి మాటలు నోటితో అనేవాళ్ళం కాదు, మేము మర్యాదస్తులం.

చూడామణి ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగింది. అత్తగారిని ఆవిడ ఏదైనా అడగడం కాపురానికి వచ్చాక అదే మొదలు.

"అత్తా, ఉగాదికి మా క్లాసు పిల్లకాయలు వస్తారు. పచ్చడి వాళ్ళచేత చేయించాల."

"వరండాలో కూర్చోబెట్టు. నేను చేసి పంపిస్తా."

"తినేదానికి కాదత్తా, చేసేదానికి. వంటింట్లో."

మా అమ్మ మజ్జిగ పోసుకోబోతున్నది ఆగి, "ఎవురి పిల్లలు?" అంది.

"అందరి పిల్లలు."

అమ్మ మజ్జిగ పోసుకుంది. చూడామణి నా వైపు తిరిగింది. నేను రెండు వైపులా న్యాయముందని చెప్పి చెయ్యి కడుక్కున్నాను. పెళ్ళయినప్పటినుంచి నేను ఈ ఇంటికి చేస్తున్న సేవ అదే. గదిలోకి వచ్చాక ఆవిడ మంచం అంచున కూర్చుంది.

"ఆ పెద్దమ్మ నాకోసరం కొత్త కుండ కొనిందండీ. ఇప్పుడు ఆ బిడ్డను వరండాలో కూర్చోబెట్టి పేపర్ కప్పులో పచ్చడి పోసిస్తే, మర్నాడు నేను ఆ క్లాసులోకి పోలేను. నీతి పీరియడ్డు హెచ్చెమ్ముకే ఇచ్చేస్తా. లెక్కలే చెప్పుకోనీ, దూది గడ్డాలే అంటించుకోనీ."

ఆవిడ అలా ఓడిపోయినట్టు మాట్లాడడం నేను రెండోసారి వినడం, మొదటిది వాళ్ళ నాన్న పోయినప్పుడు. అయినా నేను లేచి మా అమ్మ దగ్గరకు పోలేదు. ఫ్యాను స్పీడు పెంచాను.

మర్నాడు పొద్దున అమ్మే తీర్పు చెప్పింది. హాల్లో నాకూ, వరండాలో చూడామణికీ, కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్న రంజనికీ వినపడేటంత గట్టిగా చెప్పింది.

"తలమీద నీళ్ళు పోసుకోవాల. తడిగుడ్డతో రావాల. దోవలో దేన్నీ ముట్టుకోకూడదు. నోట్లో ఏమీ వేసుకోకూడదు. అట్ట వచ్చేవాళ్ళు ఎవురైనా సరే, నా వంటింట్లోకి రావచ్చు. ఎవురైనా."

పది పన్నెండేళ్ళ పిల్లలు సెలవురోజు పొద్దున్నే లేవరని ఆవిడ ధైర్యం. చూడామణి ఆ నాలుగు షరతులూ బోర్డు మీద రాసి పిల్లలచేత నోటుబుక్కులో ఎక్కించింది.

ఈ ఏడాది ఉగాది రంజాన్ నెల ఆఖరి రోజుల్లో పడింది. ఆ రోజు పొద్దున ఆరున్నరకు నేను వీధి మొగలో టిఫిన్ అంగడి బెంచీ మీద ఉన్నాను. ఉగాది నాడు పచ్చడి తినేదాకా ఏమీ తినకూడదని మా ఇంటి ఆచారం. అమ్మ పెట్టే పచ్చడిలో వేపపువ్వు పాలు మరీ ఎక్కువ కాబట్టి, నేను ఏటా వాకింగ్ పేరుతో వచ్చి, రెండు వడలు తిని, ఒక కాఫీ తాగి, ఆచారాన్ని ఎదుర్కోవడానికి బలం తెచ్చుకుని పోతుంటాను. రెండో వడ చట్నీలో ముంచుతుండగా వీధిలో గోల వినిపించింది.

పదకొండు మంది పిల్లలు ఒకరి వెనక ఒకరు, రోడ్డు నడిమధ్యన, చేతులు పక్కలకు చాచి నడిచి వస్తున్నారు. నిలువునా తడిసి ఉన్నారు. మడిబట్ట అంటే తడిపి ఆరేసిన బట్టని వాళ్ళకెవరూ విడమరిచి చెప్పలేదు. తడిగుడ్డ అన్నారు కాబట్టి బట్టలతో సహా నీళ్ళు పోసుకుని వచ్చేశారు. దారి పొడుగునా నీళ్ళు కారుతున్నాయి. ముందు నడుస్తున్న చిన్నబాబు ఆటోలవాళ్ళను పక్కకు తోలుతూ, "తగలబాకండయ్యా, మడి, మడి" అని అరుస్తున్నాడు. పోయిన నెల బూడిద గొడవ చేసినవాడే. ఇప్పుడు తన మతం వంతు వచ్చేసరికి మనిషి రెండంగుళాలు పెరిగాడు.

మా గుమ్మం దగ్గరికి వచ్చి అందరూ ఆగిపోయారు. కాలింగ్ బెల్లు ముట్టుకోకూడదు కదా. "అవ్వా, అవ్వా" అని పదకొండు గొంతులు ఒక్కసారిగా లేచాయి. మా అమ్మ వచ్చి చూసింది. ఎనభై మూడేళ్ళలో ఆవిడ చెప్పిన మాట అక్షరాలా విన్నవాళ్ళను చూడడం ఆవిడకు అదే మొదటిసారి. ఏం చేయాలో తోచలేదు. తుడవకపోతే పిల్లలకు జలుబు చేస్తుంది, మామూలు తువ్వాలుతో తుడిస్తే మైల. మడిబట్టతోనే తుడవాలి, ఇంట్లో మడిబట్టలు ఆవిడవే. దండెం మీది రెండు చీరలూ కర్రతో దించి, చించి, ఒక్కొక్కరి తలా తుడిచింది. వంటింటి గడప దాటి ఐదో తరగతి లోపలికి పోయింది.

నేను నోరు కడుక్కుని ఇంటికొచ్చేసరికి పని జోరుగా ఉంది. రోస్లిన్ చింతపండు పిసుకుతోంది, కిట్టు బెల్లం కొడుతూ కొట్టినదాన్ని ఆశగా చూస్తున్నాడు, జహీరా వేపపువ్వు కాడల్నుంచి దూసి చాటలో పోస్తోంది. అమ్మ పీటమీద కూర్చుని మామిడికాయ ఎంత చిన్న ముక్కలు కోయాలో చూపిస్తోంది. హాల్లో టీవీలో పంచాంగ శ్రవణం వస్తోంది. సరిగ్గా వినపడక అమ్మ లేచి హాల్లోకి వచ్చి, రిమోట్ తీసి సౌండు పెంచి, మళ్ళీ గడప దాటబోయింది.

"అవ్వా," అంది జహీరా. ఆ పిల్ల మాటలో సగం అరవం, కానీ మా వీధిలో అందరి మాటా అంతే కాబట్టి అది ఎవరికీ తెలియదు. "రిమోట్ ముట్టుకున్నారే. అది అందరూ ముట్టుకుంటారు కదా."

రిమోట్‌కు మా ఇంట్లో పదిహేనేళ్ళుగా మినహాయింపు ఉంది. ఎవరిచ్చారో తెలియదు. అమ్మ ఆ పిల్లను చూసింది, రిమోట్‌ను చూసింది, స్నానానికి పోయింది. తిరిగొచ్చి పది నిమిషాలు కాకముందే తిరువొత్తియూరు నుంచి మా పిన్ని ఫోను చేసింది. అమ్మ ఎత్తింది. "అవ్వా, ఫోను" అన్నాడు కిట్టు. మళ్ళీ స్నానం. ఫోను మళ్ళీ మోగినప్పుడు ఆవిడ చేతులు వెనక్కు కట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది. అన్నేళ్ళ మడిలో ఆవిడను తనిఖీ చేసినవాళ్ళు ఎవరూ లేరు. కోపమొస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం చూస్తే మంచి పోటీ దొరికినదానిలా ఉంది.

నేను నవ్వు ఆపుకుంటూ నడవలో నిలబడ్డాను. ఆ నవ్వే నా కొంప ముంచింది. కిట్టు నా వైపు తిరిగాడు.

"తాతా, పచ్చడికి ముందు ఏమీ తినకూడదు కదా?"

"కూడదు నాయనా."

"మీ చొక్కా మీద చట్నీ ఉండాది."

మా అమ్మ పీటమీదనుంచే చూసింది. "ఎన్నాళ్ళ నుంచిరా?" అంది.

"ఈ ఒక్క రోజేనమ్మా. ఆకలేసి..."

"పెళ్ళయిన మొదటి ఉగాది నించీ అత్తా" అంది చూడామణి, కొబ్బరి తురుముతూ, తల కూడా ఎత్తకుండా. ముప్ఫై రెండేళ్ళు కడుపులో దాచుకున్న రహస్యాన్ని ఇంత తీరిగ్గా బయటపెట్టిన మనిషిని నేను చూడలేదు.

పచ్చడి అయింది. దేవుడికి చూపించి, అమ్మ పిల్లలందరి చేతుల్లో తలా ఒక చెంచా వేసింది. చేదుకు ముఖాలన్నీ ముడుచుకుపోయాయి. జహీరా చెయ్యి చాచలేదు.

"ఏమే, చేదుకు భయమా?"

"లేదవ్వా. నోన్బు. పొద్దు కుంకేదాకా ఏమీ తినకూడదు."

"మంచినీళ్ళు?"

"అవి కూడా తాగకూడదు. నాలుగున్నరకు తిన్నాను, అంతే."

నీళ్ళు పోసుకుని, వీధులన్నీ నడిచి, గంటన్నర వేపపువ్వు దూసి, కొట్టిన బెల్లం పక్కనే కూర్చున్న పిల్ల. మా అమ్మ ఏకాదశి నాడు నీళ్ళు కూడా ముట్టదు. ఆ కష్టం ఆవిడకు తెలుసు.

"ఎవురూ చూడనప్పుడు ఒక గుక్క తాగితే ఏమవుతుందే?" అని పరీక్ష పెట్టింది.

"ఎవరూ చూడనప్పుడే కదవ్వా ఉండాల్సింది" అంది జహీరా, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

మా అమ్మ నా చొక్కా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పను.

తర్వాత లేచి వెండిగిన్నె తీసి, ఎంగిలి పడకముందే ఒక వాటా అందులో పోసి, మూత పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. "పొద్దు కుంకినాక రా. అప్పుడు తిందువు. నేనూ అప్పుడే తింటా" అంది. ఆవిడ తినకపోతే కోడలు తినదు. ఉగాది పూటా ఇంట్లో పొయ్యి మీది గారెలూ పులిహోరా అలాగే ఉన్నాయి. నిండు కడుపుతో ఉన్నది నేనొక్కణ్ణే. నన్ను ఎవరూ భోజనానికి పిలవలేదు.

సాయంత్రం ఆరింటికి జహీరా మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకుని వచ్చింది. వెనక నన్నీమ్మ, చేతిలో ఖర్జూరాల డబ్బా. ఆవిడ వరండా మెట్టు దగ్గరే నిలబడిపోయింది. ఇలాంటి ఇళ్ళు ఆవిడకు తెలుసు. మా అమ్మ హాలు దాటి వరండాలోకి వచ్చి ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. పిలుపు వినపడింది. ముందు ఖర్జూరమే తినాలని జహీరా అంది. నన్నీమ్మ తటపటాయిస్తూ మా అమ్మ వైపు కూడా డబ్బా చాపింది.

"పండుకు మడి లేదు" అని మా అమ్మ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. శాస్త్రం ఆవిడ పక్షానే ఉంది. తర్వాత ముసలివాళ్ళిద్దరూ, ఆ పిల్లా, వెండిగిన్నెలోని పచ్చడి తిన్నారు. నన్నీమ్మ ముఖం చిట్లించి, "ఇది తినేదానికా ఇంతసేపు కాసుకున్నారు?" అని అడిగింది. మా అమ్మ నవ్వింది. రంజని అప్పుడే పని ముగించుకుని పోతూ, మెట్టు దగ్గర ఆగి, చెప్పులు వేసుకునేదాకా అది చూసి వెళ్ళింది.

మర్నాడు చూడామణి బడికి తయారవుతోంది. క్లాసులోకి తలెత్తుకుని పోతానని పొద్దున్నుంచీ మూడుసార్లు చెప్పింది. జెబరాజ్ ముందురోజే ఫోను చేసి రిపోర్టుకు ఫోటో అడిగాడు. ఎవరి చేతులూ బెల్లం లేకుండా లేవు గనుక ఎవరూ తీయలేదని చెబితే, "అప్పుడు జరిగినట్టు ప్రూఫ్ ఏంటి మేడమ్?" అని దిగులుపడ్డాడు.

రంజని మాత్రం ఏడింటికి రావాల్సింది, ఎనిమిదైనా రాలేదు. అమ్మ సణుగుతోంది. ఎనిమిదింపావుకు వచ్చి వరండా మెట్టు కింద నిలబడింది. జుట్టు ముడి తడి. చీర ఒంటి మీదే సగం ఆరి సగం ఆరక ఉంది. ముఖం మీద చెమట.

"ఏంది ఇంత ఆలస్యం?" అంది అమ్మ.

"బస్సెక్కితే అందరూ తగుల్తారు కదా పెద్దమ్మా. నడిచొచ్చినా."

వ్యాసర్పాడి నుంచి. రైలు కట్ట దాటి, లారీల మధ్య, చేతులు ఎవరికీ తగలకుండా.

"ఏమీ తినలా. దేన్నీ ముట్టుకోలా" అంది రంజని. "నువ్వు చెప్పినావు కదా పెద్దమ్మా, ఎవురైనా అని. ఇరవై ఏళ్ళుగా నాకు ఎవురూ చెప్పలా."

చూడామణి బ్యాగు భుజాన వేసుకోబోతూ ఆగిపోయింది. పద్నాలుగు మంది పిల్లల్ని ఊరంతా తిప్పిన టీచరుకు, రోజూ తను తిన్న కంచం తోమే మనిషి గుర్తు రాలేదు. అది ఆవిడ ముఖంలో కనిపించింది, ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకు సిగ్గేసింది. స్నానం చేసి రమ్మంటే రంజని ఏనాడో వచ్చేది. అది మాకు తెలుసు, అందుకే ఏనాడూ అనలేదు. నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. మా అమ్మ మీద నేను చేసిన అతిపెద్ద తిరుగుబాటు అదే.

మా అమ్మ మెట్టుమీద నిలబడి రంజనిని తలనుంచి కాళ్ళదాకా చూసింది. కాదనడానికి ఏదో ఒకటి వెతుకుతోందని నాకు తెలుసు. ఆవిడ వేసిన షరతుల్లో ఏ ఒక్కటీ మిగల్లేదు. చివరికి లోపలికి పోయి, నిన్న చించిన చీర ముక్క ఒకటి కర్రతో తెచ్చి అందించింది.

"తల తుడుచుకో. జలుబొచ్చి నువ్వు పడుకుంటే గిన్నెలు ఎవురు తోముతారు" అంది. గొంతులో కరుకుదనం ఏమీ తగ్గలేదు. రంజని తుడుచుకునేదాకా ఆగి, "తోమినవి నడవలో పెట్టబాక. లోపలికి తీసకొచ్చి కుడిపక్క బోర్లించు" అంది.

రంజని గిన్నెలు తోమి, గడప దాటి, కుడిపక్క బోర్లించింది. అమ్మ చెంబు వైపు చూసింది గాని నీళ్ళు చల్లలేదు. చూడామణి అది చూసి గాని బడికి కదలలేదు.

కాసేపటికి కాఫీ కోసం నేను లేచి నడవ దాటబోయాను. వంటింటి గడప మీద రంజని అడ్డంగా నిలబడింది, చేతిలో నా గ్లాసు.

"సార్, ఆడే ఉండండి. ప్యాంటుతో రాబాకండి" అంది.

గ్లాసు నడవలో నేలమీద పెట్టి లోపలికి పోయింది. నేను వంగి తీసుకున్నాను.